రెండు దొప్పల మాట

మొదటిసారి తాగిన రోజు నేను మా దున్నపోతుకు దండం పెట్టి, మా మేనత్తను కొట్టంలో కట్టేయబోయానట. నాకు గుర్తు లేదు. మేనత్తకు గుర్తుంది. ఆ తర్వాత ఆమె నా ఎదుట ఎప్పుడు కూర్చున్నా చేతికి అందేంత దూరంలో ఒక కట్టె పెట్టుకునే కూర్చునేది. చదువు కూడా నాకు అలాగే అబ్బింది. మా కాలంలో భోపాల్‌పట్నం బడిలో పాఠం హిందీలో చెప్పేవాళ్లు, దెబ్బలు తెలుగులో వేసేవాళ్లు. రెండోది నాకు బాగా వచ్చింది. మూడో తరగతిలో ఉండగా నేను బడికి రాకపోవడమే ఇద్దరికీ మంచిదని పంతులుకూ నాకూ ఒక ఒప్పందం కుదిరింది. మేమిద్దరం దేంట్లోనైనా ఏకమైంది ఆ ఒక్కసారే.

ఇప్పుడు ఈ తాగుడు సంగతి ఎందుకు ఎత్తానంటే, పోయిన నెల మద్దేడ్‌లో ఒక పెళ్లికి వెళ్లాను. పందిరి పక్కన కుర్రాళ్లు కల్లు తాగుతున్నారు. అందులో ఒకడు, చేతికి మెరిసే గడియారం, ఆకుదొప్పను రెండు చేతుల్లో పట్టుకుని, మోచేతులు మోకాళ్ల మీద ఆనించి, తల బాగా కిందికి వంచాడు. దొప్పను నోటి దగ్గరికి తేలేదు, నోటినే దొప్ప దగ్గరికి తీసుకుపోయాడు. కళ్లు మూసుకుని తాగాడు. పక్కనున్న నలుగురూ అచ్చం అలాగే తాగారు.

"ఏంది బిడ్డా, గంతగనం వంగినవు? దొప్పల ఏమన్న పడ్డదా?" అన్నాను.

"పెద్దల పద్ధతి తాతా. భూమి తల్లికి తల వంచి తాగాలె. మా తాత గట్లనే తాగేటోడు."

"మీ తాతకెవరు నేర్పిండ్రు?"

"ఏమో. ఈ దిక్కు అందరిదీ గదే పద్ధతి. నీకు తెల్వదా?"

తెలుసు. ఆ పద్ధతి ఏ ఊళ్లో పుట్టిందో, ఎవరి చేతుల్లో పుట్టిందో తెలిసినవాళ్లం ఇప్పుడు ఇద్దరమే మిగిలాం. పెళ్లిపందిట్లో ఆ మాట చెప్పడం బాగుండదని ఊరుకున్నాను. కానీ ఇంటికి వచ్చినప్పటి నుంచి ఆ చేతుల మనిషి నా తలలో కూర్చుని లేవడం లేదు.

ఆయన పేరు రాయను. మనవలు ఊళ్లోనే ఉన్నారు, మంచివాళ్లు, నేను ఊరికి పోతే నా ఎడ్లకు వాళ్లే నీళ్లు పెడతారు. మా అమ్మ ఆయనను అన్నా అనేది కాబట్టి నాకు మామ. ఆ మాటకొస్తే ఊరందరికీ మామే.

బస్తర్ ఇంకా సంస్థానంగా ఉన్న రోజులవి. రాజు జగదల్‌పూర్‌లో ఉండేవాడు, జమీందారు భోపాల్‌పట్నంలో ఉండేవాడు. కుండ దగ్గర మాత్రం మాకు మామే రాజు. మా ఊళ్లో పెళ్లికైనా, దినాలకైనా, విత్తనాల పండుగకైనా ఎవరికి వారు పోసుకుని తాగడం ఉండేది కాదు. ఒక మనిషి కుండ ముందు కూర్చుని అందరికీ పోస్తాడు. అందరికీ అందిన తర్వాతే తను తాగుతాడు. ఎవరికి ఎంత చాలో ఆయనే చూస్తాడు. చాలనుకుంటే ఆ మనిషి చేతిలోని దొప్ప తీసుకుని నేల మీద బోర్లిస్తాడు. ఇక అంతే. పటేలు దొప్ప అయినా సరే, బోర్లించినదాన్ని మళ్లీ తిప్పకూడదు. నాకు తెలిసి ఎవరూ తిప్పలేదు.

మామ ఆ పనికే పుట్టినట్టు ఉండేవాడు. సన్నగా, పొడుగ్గా, పెద్ద చెవులతో. కూర్చుంటే ఒళ్లో తువ్వాలు, ఆ తువ్వాలు మడతల్లో చేతులు. తాగేవాళ్ల మొహాలు చూసేవాడు కాదు, మోకాళ్లు చూసేవాడు. "మూతి అబద్ధం చెప్తది ర. మోకాలుకు రాదు" అనేవాడు. ఒకసారి జమీందారు సిపాయి మా ఊరి పెళ్లిలో మూడో దొప్ప అడిగితే, మామ ఆయన మోకాళ్ల వైపు ఒకసారి చూసి దొప్ప బోర్లించాడు. సిపాయి లేచి గర్జించబోయి, తూలి, పందిరి గుంజను కౌగిలించుకున్నాడు. "చూసినవా, నీ మోకాలు ఒప్పుకున్నది" అన్నాడు మామ. ఆ నవ్వు మా ఊళ్లో ఒక ఏడాది నడిచింది.

మా నాయన తాగి తాగి పోయాడు. చివరి నెలల్లో కడుపు కుండలా ఉబ్బి, కళ్లు పసుపు నీళ్లలా అయ్యాయి. అందుకే నేను మేనత్తను కట్టేయబోయిన మర్నాడే అమ్మ నా చెవి పట్టుకుని మామ ఇంటికి తీసుకుపోయింది.

"అన్నా, వీనికి తాగుడు గూడ చాతగాదు. మానుమంటె ఈ ఊర్ల ఎవడు మానిండు? మనిషి లెక్క తాగుడన్న నేర్పు."

నేర్పాడు. ముందు కూర్చోబెట్టి చేపల పులుసుతో కడుపు నిండా బువ్వ పెట్టించాడు. ఒక చెంబు నీళ్లు తాగించాడు. అప్పుడు ఒక దొప్ప కల్లు పోసి, బావిదాకా నడిచి రమ్మన్నాడు. వచ్చాక మా ఎడ్ల పేర్లు చెప్పమన్నాడు. ఇంకో దొప్ప పోసి మళ్లీ నడిపించాడు. మూడోదానికి నేను బావి దగ్గర ఒక బక్కెట్టుకు మా ఎద్దు పేరు పెట్టి పిలిచానట.

"రెండు దొప్పల మనిషివి నువ్వు" అన్నాడు. "యాదికుంచుకో. తిన్నంకనే తాగాలె. పొద్దుగాల ముట్టొద్దు. ఇయ్యాల తాగితే రేపు వద్దు, ఎల్లుండి వద్దు. చెట్టెక్కే నాడు, ఏరు దాటే నాడు అసలే వద్దు. కోపమొచ్చిన నాడు వద్దు. భట్టిల మొదలు దిగిన సారా ఎవడు పోసినా తాగొద్దు. ఇగ ఒక్కనివి కూసొని ఎన్నడు తాగొద్దు."

"మరి మిగిలిందేంది మామా?"

"మిగిలిన నాడు తాగు."

"నువ్వు జెప్పినయన్ని తీసేస్తే నా పెండ్లి ఒక్కటే మిగులుతది గదనే!"

"గందుకే జల్ది చేసుకో" అన్నాడు.

నేను ఆయన చెప్పినట్టే తాగాను, చెప్పినట్టే ఆపాను. ఇప్పటికీ రెండు దొప్పల మనిషినే. నాలుగేళ్ల తర్వాత అమ్మ మా తమ్ముడిని కూడా అలాగే చెవి పట్టుకుని తీసుకుపోయి ఆయన చేతుల్లో పెట్టింది.

ఆ చేతుల గురించి చెప్పాలి.

అందరికీ పోసేటప్పుడు మామ కుండను తన మోకాళ్ల మధ్య ఇరికించుకుని వంచేవాడు. చుక్క కింద పడేది కాదు. అందరిదీ అయ్యాక తన దొప్ప నింపుకుని, రెండు చేతులతో పట్టుకుని, తల వంచి, దాదాపు నేలకు దండం పెట్టినట్టుగా తాగేవాడు. చూస్తే భయమూ భక్తీ వచ్చేవి. పిల్లగాళ్లు ముందు మొదలుపెట్టారు, తర్వాత పెద్దవాళ్లు. రెండు మూడేళ్లలో మా ఊళ్లో ఒంటి చేత్తో తాగేవాడిని బుద్ధి లేనివాడిగా చూడడం వచ్చేసింది. ఆడపిల్లలు పెళ్లయి పోయిన ఊళ్లకు ఆ పద్ధతీ పోయింది. నేనూ వంగాను. అందరికంటే ఎక్కువ వంగాను, ముక్కుకు కల్లు నురగ అంటుకునేలా.

ఇంకా కొన్ని ఉన్నాయి. ఆయన అందరికీ ముందు బువ్వ అనేవాడు కదా, తన విస్తరిలోది మాత్రం ఎప్పుడూ కుక్కలే తినేవి. పొద్దు తాటిచెట్టంత ఎత్తు లేచేదాకా ఇంటికి ఎవరూ రాకూడదు, పూజ అనేవాడు. చలికాలంలో కుంపటి దగ్గర మేం వణుకుతుంటే ఆయన నుదుటి మీద చెమట ఉండేది. చేనుకు సొరబుర్ర తీసుకుపోయేవాడు, మేమంతా అంబలి తీసుకుపోయినట్టే. కానీ మేం ఒకరి బుర్రలోది ఒకరం తాగేవాళ్లం, ఆయన తనది ఎవరికీ ఇచ్చేవాడు కాదు. "మొక్కు ఉన్నది" అనేవాడు. ఒకసారి నేనే అన్నాను: "మేం అంబలి తాగితే నిద్రొస్తది, మామ అంబలి తాగితే పాటొస్తది. ఒకే జొన్నలు, ఏం మాయనో!" చేను చేనంతా నవ్వింది. మామ కూడా నవ్వాడు. నవ్వి బుర్రకు మూత బిగించాడు.

ఒక వానకారు వాగు పొంగి నాలుగు రోజులు మాకు బయటికి దారి లేదు. సారా భట్టి వాగు అవతల ఉంది. మూడో రోజుకు మామ తన ఇంటి గోడ మీంచి, ఒంటి మీంచి ఏవో దులపడం మొదలుపెట్టాడు. కళ్లు తిరిగిపోతున్నాయి, ఒళ్లంతా ఊగుతోంది, ఎవరో పిలుస్తున్నట్టు మూలకు చూసి జవాబు చెబుతున్నాడు. ఊరికి అర్థమైంది ఒక్కటే: మామకు దేవుడు వచ్చాడు. పసుపు తెచ్చారు, కోడిని తెచ్చారు. వాన ఎప్పుడు తగ్గుతుందని పటేలు చేతులు జోడించి అడిగాడు. నేను ఊరుకుంటానా?

"స్వామీ, మా ఎద్దు కుంటుడు తగ్గుతదా?" అన్నాను.

దేవుడు నా కాళ్ల వైపు చూశాడు. "చీమలు ర… నీ కాళ్ల మీద చీమలు. దులుపుకో, దులుపుకో."

ఊరంతా అంత భయంలోనూ నవ్వింది. పటేలు ఇంట్లో చుట్టాల కోసం దాచిన సీసాడు సారా ఉంటే, శాంతి కోసం దేవుడికి పోశారు. దేవుడు రెండు చేతులతో తాగాడు. ఇంకోసారి తాగాడు. కాసేపటికి శాంతించి, లేచి కూర్చుని, ఏమైందని అడిగాడు. మర్నాడు వాన కూడా తగ్గింది. ఇక ఆయన మాటకు తిరుగేముంది?

ఆ మాట ఎంత దూరం పనిచేసేదో చెప్పాలి. మా వైపు పిల్లను ఇచ్చేవాళ్లు పిల్లగాడి ఊరికి వచ్చి, కుండ దగ్గర పోసే మనిషిని అడుగుతారు: వీడు ఎన్ని దొప్పల మనిషి? తండ్రి అబద్ధం చెప్పవచ్చు, అన్న చెప్పవచ్చు. పోసేవాడు చెప్పకూడదు. అది అందరికీ తెలిసిన కట్టు.

మా తమ్ముడికి మద్దేడ్ సంబంధం వచ్చింది. ఆ పిల్ల అన్న తాగి ఇంద్రావతి దాటబోయి నీళ్లలో పోయాడు. అప్పటికి ఏడాది కాలేదు. తాగుబోతు ఇంటికి పిల్లను ఇవ్వమని ముందే కబురు పంపారు. తండ్రి వచ్చాడు, పిల్ల కూడా మేనత్తతో ఇల్లు చూడడానికి వచ్చి లోపల మా అమ్మ దగ్గర కూర్చుంది. మామ మా వాకిట్లో, తువ్వాలులో చేతులు పెట్టుకుని కూర్చున్నాడు.

"అన్నా, కొడుకు ఎట్ల పోయిండో నీకు ఎరుకే" అన్నాడు పిల్ల తండ్రి. "ఇది ఒక్కతే మిగిలింది. నీ మాట మీద ఇస్తున్న. పిల్లగాడు ఎన్ని దొప్పల మనిషి?"

మామ "రెండు" అన్నాడు.

"రెండేనా?"

"నేను ఎన్నడు మూడోది పొయ్యలె."

పిల్ల తండ్రి నా వైపు తిరిగాడు. "వాని అన్నవు నువ్వు. నువ్వేమంటవు బిడ్డా?"

ఆ వారంలోనే ఒక పొద్దున మా తమ్ముడు నాగలి కడుతుంటే వాసన వచ్చింది. "ఏందిర, తాగింది ఎద్దా నువ్వా?" అంటే, "ఎద్దే" అన్నాడు. ఇద్దరం నవ్వుకున్నాం. అది నాకు ఆ వాకిట్లో గుర్తుకు వచ్చిందా? వచ్చింది. కానీ ఎదురుగా మామ ఉన్నాడు. మామ రెండు అన్నాక రెండే. నా ముక్కు కంటే ఆయన నోరు నాకు పెద్దది.

"మా ఇంట్ల తాగి ఆగమయ్యేటోన్ని నేనొక్కన్నే" అన్నాను. "అత్తల్ని గుంజకు కట్టేస్త. మా వానికి గంత బలమేడిది?" అని గట్టిగా నవ్వాను. వాకిలంతా నవ్వింది. సంబంధం కుదిరింది.

పెళ్లయిన మూడో నెలలో, తాటికల్లు బాగా దిగుతున్న రోజుల్లో, పొద్దున్నే కల్లు గీయడానికి ఎక్కిన మా తమ్ముడు చెట్టు మీంచి పడ్డాడు. మంచం మీద మోసుకొచ్చాం. తుంటి విరిగింది. మొహం మీదికి వంగితే సారా వాసన గుప్పుమంది. ఆ పిల్ల, నా మరదలు, తల దగ్గర కూర్చుని వాడి మొహం తుడుస్తోంది.

"ఇంత పొద్దుగాల ఎవడు పోసిండు ర నీకు?"

"చెయ్యి నిలువది అన్నా…" అన్నాడు వాడు, పళ్ల బిగువున. "పొద్దుగాల వణుకుతది. కొంచెం పడితే నిలుస్తది. మామనే చెప్పిండు. మామ కాన్నే తాగుత, రోజు."

"ఎన్నాళ్ల సంది?"

"రెండేండ్లు."

మధ్యాహ్నం మామ ఇంటికి పోయాను. వెనక, ధాన్యం గాదె చాటున కూర్చుని ఉన్నాడు. ముందు సొరబుర్ర, రెండు దొప్పలు. రెండో దొప్ప అడుగున ఇంకా తడి ఉంది.

"వాడు పడ్డడు" అన్నాను.

"విన్న."

"మా అమ్మ వాణ్ని నీ చేతుల పెట్టింది. చెట్టెక్కే నాడు ముట్టొద్దన్నది ఎవరు? పొద్దుగాల ముట్టొద్దన్నది ఎవరు? పది మందిల వాని దొప్ప బోర్లిచ్చి, ఈడ గాదె ఎనుక నింపుతవా?"

"ఒక్కనివి కూసొని తాగొద్దని గూడ నేనే అన్న" అన్నాడు మామ. "ఒక్కన్నే తాగబుద్ధి గాలె. ఒకనాడు వాడు ఇట్ల పోతుంటె పిలిచిన. తర్వాత పిలువకున్న రాబట్టిండు."

మనిషిని చెడగొట్టడానికి కూడా తను నేర్పిన బుద్ధే అడ్డం పెట్టుకున్నాడు. నాకు నవ్వు రాలేదు. నా బతుకులో నవ్వు రాని రోజులు నాకు బాగా గుర్తుంటాయి, అవి తక్కువ కాబట్టి.

"మరి పిల్ల తండ్రికి రెండు అని ఎట్ల చెప్పినవు?"

"కుండ కాడ రెండే పోసిన. ఆయన అడిగింది కుండ కాడి ముచ్చట."

ఇలా అని దొప్ప అందుకున్నాడు. రెండు చేతులతో, మోచేతులు మోకాళ్ల మీద పెట్టుకుని. నేను ఒక చెయ్యి పట్టి లాగేశాను.

"ఒక్క చేత్తోని తాగు."

"ఇడువు ర."

"తాగు, చూస్త."

ఆ రెండో చేతిలో దొప్ప పట్టుమని ఒక క్షణం నిలవలేదు. గట్టున పడేసిన చేపలా కొట్టుకుంది చెయ్యి. సారా పంచె మీద ఒలికింది, మోకాలి మీద ఒలికింది, నోటికి చుక్క అందలేదు. ఆయన నన్ను చూడలేదు. ఒలికిపోయినదాన్నే చూశాడు.

"రెండు చేతులు కావాలె బిడ్డా" అన్నాడు.

అన్నేళ్లు ఊరంతా భూమి తల్లికి వంగామనుకున్నాం. ఆయన వణుకుకు వంగాం.

చెయ్యి వదిలేశాను. సొరబుర్రనే నోటికి వంచుకుని తాగాడు. కాసేపటికి చేతులు నిలిచాయి, గొంతు కూడా నిలిచింది. అప్పుడు అన్నాడు: "మానుదామనుకున్న. వాగు పొంగిన్నాడు మూడు నాళ్లు మానవడ్డది. చీమలొచ్చినయి. మీరు దేవుడన్నరు. నేనేమని చెప్పాలె?"

ఈ మాట విని జాలి పడాలని ఉందా మీకు? పడండి. నాకు మాత్రం తుంటి విరిగిన తమ్ముడు, మూడు నెలల పెళ్లికూతురు ఇంట్లో ఉన్నారు. ఆయన ఎవరో తాగుబోతు అయి ఉంటే నాకు బాధ లేదు. తాగుబోతులను నేను చిన్నప్పటి నుంచి చూశాను, మా నాయననే చూశాను. ఎలా గుర్తుపట్టాలో నాకు నేర్పిన మనిషి, తనను గుర్తుపట్టకుండా నా కళ్లు కట్టాడు. నా చేత తన అబద్ధానికి నవ్వు తాళం వేయించాడు. అది నేను క్షమించలేదు.

ఊరికి చెప్పలేదు. చెబితే తమ్ముడి పేరు కూడా వస్తుంది. కానీ ఆయన పోసే చోట మళ్లీ కూర్చోలేదు. ఎదురైతే పక్క దారి పట్టాను. ఒకసారి సంతలో ఆయనే ఆగి, "నడుస్తుండా వాడు?" అని అడిగాడు. నేను ఉప్పు బస్తాను చూస్తూ నిలబడ్డాను. ఆయన కాసేపు ఉండి వెళ్లిపోయాడు. చెవులు ఇంకా పెద్దవిగా కనిపించాయి, మనిషి అంత చిక్కిపోయాడు.

నాలుగేళ్లకు పోయాడు. మా నాయనకు వచ్చిన కడుపే, ఆ పసుపు కళ్లే. దినాల రోజు ఊరు ఊరంతా పోయింది. అంత కొలత తెలిసిన మనిషి మళ్లీ పుట్టడని పటేలు ఏడ్చాడు. నేను తినకుండా లేచి ఇంటికి వచ్చాను.

మరదలు వాకిట్లో ఇప్పపువ్వు ఎండబోస్తోంది. నాలుగేళ్లలో అడవికి పోయేదీ, చేను చూసేదీ, మంచం మీది మొగుడికి బువ్వ పెట్టి, వాడు అడిగినదానికి అడ్డంపడి తిట్లు తినేదీ ఆ పిల్లే. అంతవరకు ఆమెతో ఆ విషయం నేను ఎత్తలేదు. ఆ రోజు కడుపులో ఆగలేదు. గాదె చాటు సంగతీ, చేతుల సంగతీ అంతా చెప్పాను. చెప్పి, "మోసం జేసిండు తల్లీ" అన్నాను. "మీ నాయనను మోసం జేసిండు, నిన్ను జేసిండు, అందరికన్న ఎక్కువ నన్ను జేసిండు. రెండు అన్నడు, నేను నమ్మిన. నువ్వూ నమ్మి వచ్చినవు."

ఆమె పువ్వు పరవడం ఆపలేదు.

"నేను ఆయన మాట నమ్మలె బావా" అంది. "లోపటికెల్లి చూస్తనే ఉన్న. రెండు అనేటప్పుడు నేల దిక్కు చూసిండు. మా అన్న గూడ తాగలె అని చెప్పేటప్పుడు గట్లనే చూసేటోడు. ఈ పెండ్లి వద్దని చెప్పనీకె లేచి నిలబడ్డ. అంతల నువ్వు నవ్వినవు. ఇంటి మనిషి, ఎరుకైతే గంత నిమ్మలంగ నవ్వుతడా అనుకుని మల్ల కూసున్న."